ఒక్క అక్షరానికి అర నిమిషం: మెదడు తరంగాలతో మాట్లాడటం గురించి

(ఇంజినీరింగ్ విద్యార్థులు, ఫిజియోథెరపిస్టులు, రోగుల కుటుంబ సభ్యులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో చదువుకునే పిల్లలున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు. ఇంట్లో మంచం పట్టిన మనిషిని పక్కింటివాళ్లకో చుట్టాలకో అప్పగించి వచ్చినవాళ్లు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నేను ముఖ్యంగా వాళ్లను దృష్టిలో పెట్టుకునే మాట్లాడతాను. పిల్లలకు కావలసిన సాంకేతిక విషయం కూడా అందులోనే వస్తుంది.

జర్మనీలో ఏఎల్ఎస్ జబ్బు వచ్చిన ఒక యువకుడి గురించి 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఏఎల్ఎస్ అంటే కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. మన డాక్టర్లు మోటార్ న్యూరాన్ డిసీజ్, ఎంఎన్‌డీ అని కూడా అంటారు. అతనికి చేతులు పోయాయి, మాట పోయింది, వెంటిలేటర్ మీదకు వచ్చాడు. కొన్నాళ్లు కంటిచూపుతో అక్షరాలు ఎంచుకుంటూ మాట్లాడాడు. తర్వాత కనుగుడ్ల కదలిక కూడా అదుపు తప్పింది. అప్పుడు మెదడులో, కదలికలను నడిపించే భాగంలో, 64 ఎలక్ట్రోడ్ల చొప్పున రెండు చిన్న పలకలు అమర్చారు. కంప్యూటర్ ఒక ధ్వని వినిపిస్తుంది. మెదడు కణాల చురుకుదనాన్ని మార్చి ఆ శ్రుతిని పెంచడం, తగ్గించడం అతను నేర్చుకున్నాడు. పెంచితే అవును, తగ్గిస్తే కాదు. కంప్యూటర్ అక్షరాల గుంపులు చదువుతుంటే, ఆ అవును, కాదులతోనే ఒక్కో అక్షరం ఎంచాడు. నిమిషానికి సుమారు ఒక అక్షరం.

అలా అతను ఏం అడిగాడో ఆ వ్యాసంలో ఉంది. అమ్మని తల మసాజ్ చేయమన్నాడు. మంచం తలవైపు బాగా ఎత్తులో పెట్టమన్నాడు. కళ్లలో జెల్ ఇంకా ఎక్కువసార్లు వేయమన్నాడు. గులాష్ సూప్ కావాలన్నాడు. కొడుకంటే తనకెంతో ప్రేమ అని చెప్పాడు. కళ్లలో జెల్ సంగతి ఒక్కసారి ఆలోచించండి. రెప్ప వేయలేని మనిషికి కళ్లు ఎండిపోయి మంట పుడుతుంది. ఎన్ని రోజులు ఆ మంట భరించాడో, పక్కన ఎంత ప్రేమగా చూసుకునేవాళ్లున్నా వాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అతనికి చేసినది ఆపరేషన్. ఈరోజు నేను ఎక్కువగా చెప్పబోయేది ఆపరేషన్ లేకుండా, తలకు టోపీ పెట్టి పైనుంచే పట్టుకునే తరంగాల గురించి. ఈఈజీ అని మీ అందరికీ తెలిసిన పరీక్షే. మూర్ఛ వచ్చినవాళ్లకు తీస్తారు.

దీన్ని మనుషుల్లో మొదట నమోదు చేసినాయన హాన్స్ బెర్గర్, జర్మనీలో యేనా ఊరి మానసిక వైద్యుడు. 1924లో నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. యువకుడిగా సైన్యంలో ఉన్నప్పుడు గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడట. అదే రోజు ఎక్కడో దూరాన ఉన్న అక్క మనసులో కీడు శంకించి, ఇంటినుంచి టెలిగ్రామ్ కొట్టించింది. ఒక మనసులోని భయం ఇంకో మనసుకు ఎలా చేరిందన్న ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు. టెలిపతీ దొరకలేదు గానీ, కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు సెకనుకు దాదాపు పదిసార్లు ఊగే అల్ఫా తరంగం దొరికింది. చాలామంది మొదట నమ్మలేదు. 1934లో ఇంగ్లండ్‌లో ఎడ్గార్ ఏడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి చూపించాకే లోకం ఒప్పుకుంది.

ఈ తరంగాలతో కంప్యూటర్‌ను నడపవచ్చని, 'బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్' అనే మాట వాడి 1973లో రాసినాయన లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ విడాల్. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన విద్య కాదు, యాభై ఏళ్లు దాటింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ టోపీ మనసులో మాట చదువుతుందా? చదవదు. ఎందుకో చెప్తాను. తల పైన మనకు దొరికే సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, ఎక్కువగా పది నుంచి వంద మధ్యలో. టీవీ రిమోట్‌లో వేసే సెల్ ఒకటిన్నర వోల్టు. దానిలో పదిహేను వేలో వంతు అంటే వంద మైక్రోవోల్టులు. పైగా లక్షల కణాలు ఒకేసారి ఒకే వైపు ఊగితేనే ఆ మాత్రమైనా వస్తుంది. మధ్యలో పుర్రె అడ్డం ఉంటుంది కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందో కూడా అలుక్కుపోతుంది. కల్యాణ మండపం బయట రోడ్డు మీద నిలబడ్డవాడికి లోపల ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు. కానీ గట్టిమేళం మోగిందంటే, తాళి కడుతున్నారని అక్కడినుంచే చెప్పగలడు. తల బయటినుంచి మనం చేయగలిగింది అంతే. అందుకని ఈ రంగంలో తెలివంతా మెదడు చేత గట్టిమేళం వాయించడంలో ఉంది.

దానికి బాగా పేరొచ్చిన పద్ధతి పీ300. ఎదురుచూస్తున్న విషయం అరుదుగా, ఉన్నట్టుండి కనిపిస్తే, దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడు తరంగం ఒకసారి పైకి లేస్తుంది. 1965లోనే దీన్ని గుర్తించారు. 1988లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఫార్వెల్, డాంచిన్ దీన్ని టైపు మిషన్‌గా మార్చారు. తెర మీద ఆరు అడ్డవరుసలు, ఆరు నిలువువరుసలు, మొత్తం 36 గడులు. వరుసలు ఒక్కొక్కటిగా, క్రమం లేకుండా మెరుస్తుంటాయి. మీకు 'ఎం' అనే అక్షరం కావాలి. మీరు దాన్నే చూస్తూ, అది మెరిసినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకుంటారు, అంతకుమించి ఏమీ చేయరు. పన్నెండు మెరుపుల్లో మీ అక్షరం ఉన్నవి రెండే, ఒక అడ్డం, ఒక నిలువు. ఆ రెండింటికీ మెదడు పలుకుతుంది, మిగతా పదింటికీ పలకదు. రెండు వరుసలూ కలిసే గడిలో ఉన్నదే మీ అక్షరం.

కానీ ఒక్కసారి మెరిస్తే తెలియదు. ఆ చిన్న లేపు చుట్టూ ఉన్న గోలలో కలిసిపోతుంది. అదే మెరుపును పదే పదే చూపించి సగటు తీయాలి. పదహారుసార్లు సగటు తీస్తే గోల నాలుగో వంతుకు తగ్గుతుంది, అసలు సంకేతం అలాగే నిలబడుతుంది. పిల్లలు పరిశోధనలకు డౌన్‌లోడ్ చేసుకునే ఒక పాత డేటా ఉంది, న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలోని వాడ్స్‌వర్త్ సెంటర్ ఇచ్చింది. అందులో ఒక మెరుపు 100 మిల్లీసెకన్లు, మధ్యలో విరామం 75. పన్నెండు మెరుపులకు 2.1 సెకన్లు, పదిహేను విడతలు వేస్తే 31.5 సెకన్లు. ఒక్క అక్షరానికి అర నిమిషం. ఇప్పుడు తక్కువ విడతలతోనే పని జరుగుతోంది గానీ, ఈ అర నిమిషాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. అవతలి మనిషి ఎంత కష్టపడి ఒక అక్షరం ఇస్తున్నాడో అప్పుడే అర్థమవుతుంది.

ఇంట్లో ఇది నడపాలంటే రోజూ చేయాల్సిన చాకిరీ కూడా తెలుసుకోండి. తలకు నూనె ఉండకూడదు, కాబట్టి తలస్నానం చేయించాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి తలస్నానం అంటే ఇద్దరు మనుషుల పని. టోపీ సరిగ్గా అదే చోట కూర్చోవాలి. ఒక్కో ఎలక్ట్రోడ్ కింద జెల్ వేసి, వెంట్రుకలు పక్కకు జరిపి, చర్మానికి ఆనేలా చూడాలి. మన ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు గోల వచ్చి పడుతుంది. పళ్లు బిగపట్టినా, కనురెప్ప కొట్టినా మెదడు సంకేతం కంటే పెద్ద సంకేతం వస్తుంది. పని అయ్యాక మళ్లీ తల తుడవాలి. ఇదంతా చేయడానికి ఒక మనిషి దొరికిన ఇంట్లోనే ఈ పరికరం నిలబడుతుంది. లేని ఇంట్లో ఎంత మంచి పరికరమైనా వారం తిరక్కుండా అటక ఎక్కుతుంది.

తెలుగు సంగతి. దీని గురించి నాకు చాలా చెప్పాలని ఉంటుంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, పది అంకెలు, 36 గడుల్లో చక్కగా సరిపోయాయి. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. 'నీళ్ళు' అనే మాట తీసుకోండి. న, దీర్ఘపు గుడి, ళ, పొల్లు, మళ్లీ ళ, కొమ్ము. కంప్యూటర్ లెక్కలో ఆరు ఎంపికలు. అర నిమిషం చొప్పున మూడు నిమిషాలు. అదే 'దాహం' అయితే నాలుగుతో పోతుంది. మన భాషకు స్పెల్లర్, అంటే ఇలా అక్షరాలు ఎంచే టైపు మిషన్ చేసేవాళ్లు ఇలాంటి లెక్కలు కూర్చుని వేయాలి. రాయ్‌పూర్ ఎన్‌ఐటీ పరిశోధకులు దేవనాగరి లిపికి పీ300 స్పెల్లర్ చేశారు, వాళ్ల పని చదవండి.

మన వర్ణమాలలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. కచటతపలు ఎలా ఉన్నాయో చూడండి. ఐదు వర్గాలు, వర్గానికి ఐదు అక్షరాలు. ఎవరూ కొత్తగా తయారు చేయక్కర్లేని పట్టిక అది, చిన్నప్పుడు పలక మీద దిద్దినవాళ్లందరికీ కంఠతా వచ్చు. ఇంకో సంగతి. పీ300లో తప్పు వచ్చినప్పుడు చాలాసార్లు కావలసిన అక్షరానికి అదే వరుసలో పక్కన ఉన్నది పడుతుంది. ఇంగ్లీషు పట్టికలో 'ఎం' బదులు 'ఎన్' పడితే మాటే మారిపోవచ్చు. మన పట్టికలో అడ్డవరుసలో తప్పు పడితే 'క' బదులు 'ఖ' వస్తుంది, 'ద' బదులు 'ధ' వస్తుంది. 'ధాహం' అని వచ్చినా ఇంట్లోవాళ్లు మంచినీళ్లే తెస్తారు. నిలువువరుసలో తప్పు పడితే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు, 'ద' బదులు 'బ' రావచ్చు. కాబట్టి అడ్డం, నిలువు ఎలా పేర్చాలన్నది తెలుగు తెలిసినవాళ్లే తేల్చాల్సిన డిజైన్ ప్రశ్న. ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్న పిల్లలు ఇది పట్టుకోండి. మాట మధ్యలోనే మిగతాది ఊహించే పద్ధతిది కూడా ఇదే కథ. 'వెళ్లాలనుకుంటున్నానని' అంటే మనకు ఒకటే మాట. ఇంగ్లీషుకు చేసినట్టు మాటల జాబితా పెట్టుకుంటే మనకు సరిపోదు, ధాతువు, ప్రత్యయం విడివిడిగా ఊహించాలి.

వేరే పద్ధతులూ ఉన్నాయి, త్వరగా చెప్తాను. ఒక్కో అక్షరం ఒక్కో వేగంతో మినుకుమినుకుమంటుంటే, మీరు చూసేదాని వేగమే మెదడు వెనకభాగంలో తరంగంగా వస్తుంది. 2015లో చైనాలో చింగ్‌హువా విశ్వవిద్యాలయం బృందం ఇలా నిమిషానికి 60 అక్షరాల దాకా పోయింది. చెయ్యి కదిపినట్టు ఊహించుకుని తెర మీద చుక్కను జరపడం ఇంకోటి. వాడ్స్‌వర్త్‌లో జొనాథన్ వొల్పా బృందం 1991లో చూపించింది. దీనికి శిక్షణ ఎక్కువ కావాలి.

మెరుపుల పద్ధతులకు ఒక లోటు ఉంది. పీ300 గానీ, మినుకు గానీ, బాగా పనిచేయాలంటే చూపు అక్షరం మీద నిలపగలగాలి. చూపు నిలపగలిగిన మనిషికైతే కంటి కదలికను పట్టే కెమెరా పరికరం ఇంకా వేగంగా, ఇంకా సుఖంగా పనిచేస్తుంది. తలస్నానం అక్కర్లేదు, జెల్ అక్కర్లేదు. అది కూడా కొనలేనివాళ్లకు అట్ట మీద రాసిన అక్షరాలు చాలు. స్టీఫెన్ హాకింగ్ గారు చివరిదాకా మాట్లాడింది చెంప కండరం చిన్న కదలికతోనే, మెదడు తరంగాలతో కాదు. ఒక్క కండరం మిగిలి ఉన్నా ముందు దాన్ని వాడుకోవాలి. టోపీ దాని తర్వాతే.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటికి వచ్చాను. వచ్చిన మాట ఆ మనిషిదేనని మనకు ఎలా తెలుసు?

1990లలో అమెరికాలో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. మాట రాని పిల్లల చేతిని సహాయకులు పట్టుకుని కీబోర్డు మీద టైపు చేయించేవాళ్లు. అద్భుతమైన వాక్యాలు వచ్చేవి, తల్లిదండ్రులు ఏడ్చేవాళ్లు. తర్వాత పరీక్ష పెట్టారు. పిల్లవాడికి ఒక బొమ్మ, సహాయకుడికి ఇంకో బొమ్మ చూపించారు. టైపు అయింది సహాయకుడు చూసిన బొమ్మ పేరు. ఆ సహాయకులు మోసగాళ్లు కారు. మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు, తమ చెయ్యే కదిలిస్తోందని వాళ్లకే తెలియదు.

మెదడు పరికరాల్లోనూ ఇలాంటి ప్రమాదం ఉంది. 2017లో ప్లాస్ బయాలజీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. కళ్లు కూడా కదపలేని నలుగురు రోగులు, మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పులను కాంతితో కొలిస్తే, అవును, కాదు అని జవాబులిచ్చారని అందులో రాశారు. ప్రపంచమంతా వార్త అయింది. తర్వాత ఇంకొకరు అదే డేటాను మళ్లీ లెక్కవేస్తే ఆ ఫలితం రాలేదు. 2019లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. నేను మొదట చెప్పిన జర్మన్ యువకుడి పరిశోధనలో అదే బృందంలోని ముఖ్యులు ఉన్నారు. అందుకే 2022 వ్యాసాన్ని శాస్త్రవేత్తలు భూతద్దం పెట్టి చదివారు. చదవాలి కూడా.

ఇళ్లలో మీరు ఈ జాగ్రత్త ఎలా తీసుకోవాలి? మీకు జవాబు తెలిసిన ప్రశ్నలే ముందు అడగండి. పెద్దబ్బాయి పేరు ఇదేనా, మన ఊరు ఫలానాదా, ఇలాంటివి. అయితే పది ప్రశ్నలు అడిగి ఏడు సరిగ్గా వచ్చాయని పొంగిపోకండి. బొమ్మా బొరుసూ వేసినా పదికి ఏడో అంతకంటే ఎక్కువో రావడం ఆరుసార్లలో ఒకసారి జరుగుతుంది. రోజులు విడదీసి, మొత్తం వంద అడగండి. వందకు డెబ్బై వస్తే అది యాదృచ్ఛికం కాదు. ఇంకో పద్ధతి: ఒక వస్తువు రోగికి ఒక్కడికే చూపించండి, జవాబు రాసుకునే మనిషిని గది బయట ఉంచండి. ప్రేమ ఉన్నచోట ఈ పరీక్ష పెట్టాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. కానీ వెంటిలేటర్ కొనసాగించాలా, ఆస్తి ఎవరికి రాయాలి లాంటి ప్రశ్నలకు ఆ జవాబే ఆధారమైనప్పుడు, పరీక్ష పెట్టకుండా నమ్మడం ఆ మనిషికే అన్యాయం.

ఆపరేషన్ పరికరాలు ఇప్పుడు ఆశ్చర్యపరిచే వేగం అందుకున్నాయి. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో ఒకాయన కలంతో రాస్తున్నట్టు ఊహించుకుంటే నిమిషానికి 90 అక్షరాలు పడ్డాయి. 2023లో నిమిషానికి 62 మాటలు, 78 మాటలు అంటూ రెండు బృందాలు ప్రకటించాయి. 2024లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం ఒక ఏఎల్ఎస్ రోగికి 256 ఎలక్ట్రోడ్లు అమర్చింది. 1,25,000 మాటల పదకోశంలో 97.5 శాతం మాటలు సరిగ్గా వచ్చాయి, అదీ జబ్బుకు ముందటి ఆయన గొంతుతోనే వినిపించేలా చేశారు. గొప్ప పని. ఇక్కడా నేను అదే ప్రశ్న అడుగుతాను. కంప్యూటర్ మాటను ఊహించి పూర్తిచేసే కొద్దీ, ఆ వాక్యంలో మనిషిదెంత, యంత్రానిదెంత? ఆ డేవిస్ పరికరంలో వాక్యం అయ్యాక రోగి సరా, తప్పా అని తేల్చే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు లేని పరికరాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక్కడ ఒక అమ్మాయి ప్రశ్న రాసి పంపింది. "ఆన్‌లైన్‌లో నుదుటికి పెట్టుకునే బ్యాండ్లు దొరుకుతున్నాయి, మా నాన్నగారికి కొనవచ్చా?" అమ్మా, నుదుటి దగ్గర ఎక్కువగా దొరికేది కనురెప్పలు, కనుబొమ్మల కండరాల సంకేతం. నాన్నగారు కనుబొమ్మ కదపగలిగితే, ఆ కదలికతో నడిచే మామూలు స్విచ్ పెట్టండి, ఇంకా నికరంగా ఉంటుంది. ఆ బ్యాండ్ డేటా ఏ కంపెనీ సర్వర్‌కు వెళ్తోందో కూడా చూడండి. ఇలాంటి పరికరం సేకరించిన మెదడు డేటా మీద 2023లో చిలీ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, ఆ డేటాను తుడిచేయమంది. 2024లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం మెదడు డేటాకు చట్టరక్షణ ఇచ్చింది.

ఇంకొకరు అడిగారు, "ఇలా బతకడం వాళ్లకు నరకం కాదా?" ఇది అడగడానికి ధైర్యం కావాలి. బెల్జియంలోని లియేజ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన సర్వే చెప్తాను. ఫ్రాన్స్‌లో లాక్డ్ ఇన్ స్థితిలో, అంటే తెలివి ఉండీ ఒళ్లు దాదాపు కదపలేని స్థితిలో ఉన్న 65 మంది జవాబిస్తే, సంతోషంగా ఉన్నామన్నవాళ్లు 47 మంది, లేమన్నవాళ్లు 18 మంది. జవాబివ్వగలిగినవాళ్ల మాట మాత్రమే ఇది, ఇవ్వలేనివాళ్ల సంగతి ఇందులో లేదు. ఆ 18 మంది మాటా మనం వినాలి. కానీ పక్కన నిలబడి మనం ఊహించుకునేదీ, వాళ్లు చెప్పేదీ ఒకటి కాదు. వాళ్లను అడక్కుండా వాళ్ల తరఫున మనం తేల్చేయకూడదు.

చివరగా ఇంటికి వెళ్లి చేయాల్సిన పని. జబ్బు ఏఎల్ఎస్ అని తేలిన రోజే మొదలుపెట్టండి. మాట ఉండగానే గొంతు రికార్డు చేయండి. చెయ్యి ఉండగానే అవునుకు ఏ కదలిక, కాదుకు ఏ కదలిక అని ఇంట్లో అందరూ ఒప్పందం చేసుకోండి. పూర్తిగా కదలిక పోయాక మొదటిసారి టోపీ పెట్టి మాట రాబట్టడం ఇప్పటికీ చాలా కష్టమైన పని. ముందునుంచీ అలవాటున్నవాళ్లకే ఎక్కువ ఆశ.

ఒక అట్ట తీసుకోండి. కచటతపలు వర్గాల వారీగా పెద్ద అక్షరాలతో రాయండి. పక్కన కూర్చున్నవాళ్లు "క వర్గం, చ వర్గం" అంటూ నెమ్మదిగా చదవాలి, రోగి రెప్ప వేసిన చోట ఆగి ఆ వర్గంలో అక్షరాలు చదవాలి. తర్వాత గుణింతం. అక్షరాలకు పైన ఒక వరుసలో రోజూ కావలసినవి రాయండి: నొప్పిగా ఉంది, కఫం తీయండి, పక్కకు తిప్పండి, దాహం, కళ్లు మండుతున్నాయి. ఆ వరుస చివర ఇంకో గడి తప్పకుండా పెట్టండి. అందులో ఇలా రాయండి: "మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు, మళ్లీ మొదటినుంచి చదవండి."